ఏడాదిగా కూజా వేయని నెపంథిస్: ఒక కేస్ స్టడీ

నేను హైదరాబాదులో ఇళ్ళకు వెళ్ళి మొక్కలు చూసి వస్తుంటాను. పిలుపుల్లో చాలావరకు మనీ ప్లాంటు పసుపెక్కిందనో, తులసి ఎండిపోతోందనో, మందారానికి పిండినల్లి పట్టిందనో వస్తాయి. కీటకాహారి మొక్కల కోసం పిలిచేవాళ్ళు ఏడాదికి నలుగురైదుగురు ఉంటారేమో. ఈ కేసులో మొదటి మూడు నెలలు నేను తప్పు దారిలో నడిచాను. సరైన దారి చూపించే నోటుపుస్తకం మొదటి రోజే నా ముందు టీపాయ్ మీద ఉంది. అందుకే రాస్తున్నాను.

మొక్కల యజమానికి చెప్పి, ఆవిడ సరేనన్నాకే రాశాను. ఆవిడ ఎవరో తెలిసే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. అకౌంట్స్ చూసే ఉద్యోగం అన్నది మాత్రం మార్చలేదు. అది తీసేస్తే కథ నడవదు.

నేపథ్యం

నెపంథిస్ మనం స్కూలు పుస్తకంలో బొమ్మగా చూసిందే. ఆకు చివర తీగలా సాగి, ఆ తీగ కొసన మూత ఉన్న కూజా వేలాడుతుంది. అంచున జారి లోపల పడ్డ చీమ, ఈగ అందులోని ద్రవంలో జీర్ణమైపోతాయి. మొక్కకు కావలసిన నత్రజని, భాస్వరంలో మంచి భాగం అలా సమకూరుతుంది. దాని సొంత ఊళ్ళు బోర్నియో, సుమత్రా, ఫిలిప్పీన్స్, సులవేసి లాంటి చోట్ల సారం లేని నేలలు. వానకు ఉప్పులన్నీ కొట్టుకుపోయిన ఆ నేలల్లో బతకడానికి అలవాటుపడ్డ వేళ్ళు కాబట్టి అవి సన్నగా, పెళుసుగా ఉంటాయి. ఉప్పును అసలు ఓర్చుకోలేవు.

మన దేశంలో సహజంగా పెరిగే నెపంథిస్ ఒక్కటే, మేఘాలయ కొండల్లోని ఖాసియానా. దానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, అంతర్జాతీయ వ్యాపారంపై సైటిస్ (అంతరించిపోతున్న జీవజాతుల వ్యాపారంపై దేశాల మధ్య ఉన్న ఒప్పందం) మొదటి అనుబంధం కింద కట్టుదిట్టమైన ఆంక్షలున్నాయి. కాగితాలు లేకుండా ఎవరైనా ఖాసియానా అమ్ముతామంటే కొనకండి. ఈ కేసులో ఖాసియానా లేదు, కానీ మొదటి రోజు నేను అడిగిన మొదటి ప్రశ్న అదే.

ఆవిడ దగ్గర రెండు మొక్కలున్నాయి. ఒకటి పేరు చీటీ లేనిది. ఆకులు, ఎండిపోయి మిగిలిన పాత కూజాల నడుము నొక్కు చూసి వెంట్రాటా అని పోల్చాను. ఇది వెంట్రికోసా, గ్రాసిలిఫ్లోరా అనే రెండు ఫిలిప్పీన్ జాతుల సంకరం. నర్సరీల్లో వేలాడే కుండీల్లో సాధారణంగా దొరికేది ఇదే. నెపంథిస్‌లలో ఇంత ఓర్పున్నది ఇంకొకటి చెప్పమంటే నేను తడుముకుంటాను. రెండోది అరచేతిలో పట్టేంత చిన్న హమాటా. సులవేసి కొండల్లో సుమారు 1,400 నుంచి 2,500 మీటర్ల ఎత్తులో పెరిగే జాతి, కూజా అంచున కొక్కేల్లాంటి పళ్ళు ఉంటాయి. ఫొటో చూసి మనసు పారేసుకుని, బాగా ఎక్కువ ధర పెట్టి తెప్పించుకున్నారు.

వెంట్రాటాను ఒక అక్టోబరులో ఆరు కూజాలతో కొన్నారు. నవంబరులో అపార్ట్‌మెంట్ మాలి పెద్ద కుండీలోకి మార్చాడు. "వేళ్ళన్నీ నల్లగా కుళ్ళిపోయి ఉంటే కత్తిరించి శుభ్రం చేశాడు సార్" అని ఆవిడ చెప్పారు. ఆ మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. కుండీలో వేసింది కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు. ఫిబ్రవరికల్లా పాత కూజాలన్నీ ఎండిపోయాయి. కూజా కొన్ని నెలలకు ఎండిపోవడం మామూలే, ఆకు రాలినట్టే అది కూడా. కానీ కొత్తవి రాలేదు. ఆకులు వస్తున్నాయి, ప్రతి ఆకూ ముందుదాని కంటే చిన్నది. తీగ కొసన గింజంత మొగ్గ కట్టి, గోధుమరంగుకు తిరిగి, రాలిపోతోంది. నన్ను పిలిచింది ఆ తరువాతి ఏడాది ఫిబ్రవరిలో.

మొదటి రోజు నేను చూసింది, చూడనిది

ఉత్తరం వైపు బాల్కనీ. పావురాల నెట్, దాని వెనుక సగం మూసి ఉండే రంగు అద్దాలు. కుండీ కింద పళ్ళెంలో ఎప్పుడూ రెండు వేళ్ళ లోతు నీళ్ళు. పోసేది ఆర్ఓ నీళ్ళే. మధ్యాహ్నం మూడింటికి నా మీటరులో గాలి తేమ 28 శాతం.

ఆ 28 చూడగానే నా మనసులో తీర్పు పడిపోయింది. కూజా రాకపోతే తేమ తక్కువ అన్నది ఈ మొక్కలు పెంచే వాళ్ళందరి నోటా వినిపించే మాట. అందులో నిజం లేకపోలేదు. గాలి మరీ పొడిగా ఉంటే తీగ కొసన లేత మొగ్గ ఎండిపోతుంది. లక్షణం సరిపోయింది, అంకె సరిపోయింది, కాలం కూడా ఎండాకాలం ముంగిట. పళ్ళెంలో నీళ్ళు మాత్రం నాకు నచ్చలేదు. వీనస్ ఫ్లైట్రాప్‌ను, సర్రాసేనియాను, డ్రాసిరాను నీళ్ళలో నిలబెట్టి పెంచుతారు. నెపంథిస్‌కు వేళ్ళ దగ్గర గాలి ఆడాలి. కీటకాహారి మొక్కలన్నీ ఒకటే అనుకుని ఈ పొరపాటు చాలామంది చేస్తారు. అయితే తేమ తక్కువగా ఉంది కదా, ఆ నీళ్ళు ఆవిరై కొంత సాయం చేస్తాయిలే అని నేనే సర్దిచెప్పుకుని పళ్ళెం ఉంచేయమన్నాను. ఈ కేసులో నా తప్పుల్లో పెద్దది ఇదే.

టీపాయ్ మీది నోటుపుస్తకంలో ఆవిడ వారం వారం రాసుకున్నారు. ఎన్ని ఆకులు, ఎంత పొడవు, మొగ్గ వచ్చిందా, ఎప్పుడు రాలింది, ఆ రోజు వాన పడిందా లేదా. నేను పైపైన తిరగేసి, "భలే రాశారండీ" అని పక్కన పెట్టేశాను.

చేసి చూసినవి

మొదట తేమ గుడారం. నాలుగు కర్రలు పాతి పైన పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కప్పాం, ఉదయం సాయంత్రం స్ప్రే. లోపల తేమ 80 దాటింది. ఆవిడకు ఉత్సాహం, నాకు ధీమా. మార్చి రెండో వారానికి ఆకుల మీద ఎర్రటి అంచున్న నల్ల మచ్చలు. గాలి ఆడని తడిలో బూజు జాతి తెగుళ్ళు రావడం వింత కాదు. షీటుకు రెండు వైపులా కిటికీలు కోశాం. తేమ 60కి దిగింది, మచ్చలు ఆగాయి, మొగ్గలు మాత్రం రాలుతూనే ఉన్నాయి. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం గుడారం లోపల 41 డిగ్రీలు చూసి ఆవిడ ఫోన్ చేశారు. షీటు అప్పుడే తీయించేశాను.

ఈలోగా ఎవరో సలహా ఇచ్చారని, బలానికి ఎరువు నీళ్ళు కలిపి ఆకుల మీద చల్లనా అని ఆవిడ అడిగారు. వద్దన్నాను. వేళ్ళకో ఆకులకో పోషకాలు దండిగా అందితే కూజా కట్టే అవసరమే మొక్కకు తగ్గుతుంది. అందులోనూ జబ్బు ఏమిటో తెలియకుండా ఎరువు పెడితే, తరువాత ఏది దేనివల్ల జరిగిందో మనకే తెలియదు. ఇది ఒక్కటే ఆ మూడు నెలల్లో నేను తీసుకున్న సరైన నిర్ణయం.

మే మొదటి వారంలో మళ్ళీ వెళ్ళాను. చెప్పడానికి కొత్తది ఏమీ లేక, టైము గడపడానికి అన్నట్టు నోటుపుస్తకం తెరిచాను. ముందు ఏడాది జులై, ఆగస్టు, సెప్టెంబరు. ప్రతి వారం "వాన", "వాన", "బాల్కనీ తడి". ఆ మూడు నెలల్లో వచ్చిన ఆకులు ఆరు. ఆరింటి ఎదురుగా ఒకటే మాట, "మొగ్గ రాలింది".

హైదరాబాదులో ఆగస్టు గాలిలో తేమ గుడారం కట్టకుండానే 75, 80 శాతం ఉంటుంది. తేమే అసలు లోపమైతే ఆ మూడు నెలల్లో ఒక్క కూజా అయినా పడాలి. ప్రకృతే నా తరఫున తేమ ప్రయోగం చేసి, ఫలితం ఆవిడ చేత రాయించి పెట్టింది. నేను చదవకుండా అదే ప్రయోగాన్ని ప్లాస్టిక్ షీటుతో మళ్ళీ చేశాను, మండుటెండల్లో. ఆ విషయం ఆవిడతో చెప్పడానికి కాస్త మొహమాటపడ్డాను గానీ చెప్పేశాను. ఆవిడ నవ్వి, "మా ఆడిటర్లూ అంతే సార్, వోచర్లు చూడకుండా ప్రశ్నలు వేస్తారు" అన్నారు.

కుండీ అడుగు నుంచి కారిన నీళ్ళు

అక్కణ్ణుంచి వేరుగా ఆలోచించాను. కూజాను కాసేపు మరచిపోదాం. కూజా అనేది మొక్క చేతిలో మిగులు ఉన్నప్పుడు పెట్టే ఖర్చు. ఆకులే చిన్నవవుతున్నాయంటే రాబడిలోనే లోటు ఉంది. రాబడి తగ్గడానికి నాకు కనబడిన కారణాలు మూడు: వెలుతురు, వేళ్ళు, వేడి. వెంట్రాటా మన వేడిని చాలావరకు ఓర్చుకుంటుంది, పైగా ఆకులు డిసెంబరులో కూడా చిన్నవయ్యాయి. మిగిలినవి రెండు. వెలుతురు మార్చడం తేలికే. కానీ వేళ్ళు దెబ్బతిన్న మొక్కను మే నెలలో ఎక్కువ వెలుతురులో పెడితే ఆకుల నుంచి నీరు పోయే వేగం పెరుగుతుంది, ఆ వేళ్ళు అందించలేవు. అందుకని ముందు వేళ్ళు.

ఆర్ఓ నీళ్ళలో టీడీఎస్ పెన్ను (నీటిలో కరిగిన ఉప్పులు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చూపేది) ముంచితే 38. నెపంథిస్‌కు 50 లోపు ఉంటే నిశ్చింత. కొన్ని ఆర్ఓ మిషన్లు రుచి కోసం ఖనిజాలు మళ్ళీ కలుపుతాయి, కొన్నిట్లో మామూలు నీళ్ళు కొంచెం కలిసేలా స్క్రూ ఉంటుంది. వీళ్ళది అలాంటిది కాదు. చాలామంది పరీక్ష ఇక్కడే ఆపేస్తారు. ఫిబ్రవరిలో నేనూ "ఆర్ఓ నీళ్ళేగా" అని ఆపేశాను, కొలవను కూడా లేదు.

ఈసారి లోపలికి పోయే నీళ్ళను వదిలి, బయటికి వచ్చే నీళ్ళను కొలిచాను. పళ్ళెం తీసేసి, కుండీ బాగా తడిసేలా నీళ్ళు పోసి అరగంట ఆగాలి. తరువాత పైనుంచి 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ మెల్లగా పోసి, అడుగు రంధ్రం నుంచి ముందుగా కారే 50 మిల్లీలీటర్లు గ్లాసులో పట్టాలి. మనం పోసిన కొత్త నీళ్ళు వేళ్ళ దగ్గరున్న పాత నీళ్ళను కిందికి నెడతాయి కాబట్టి, గ్లాసులోకి వచ్చేది వేళ్ళు రోజూ తాగుతున్న నీళ్ళే అన్నమాట.

1,140.

పెన్ను తప్పేమో అని మళ్ళీ ముంచాను. 1,138. వాళ్ళ బోరు నీళ్ళే 620 ఉన్నాయి. మొక్క బోరు నీళ్ళకు దాదాపు రెట్టింపు ఉప్పదనంలో నిలబడి ఉంది.

"38 నీళ్ళు పోస్తే 1,140 ఎలా అవుతుంది సార్?" అన్నారావిడ. నేను వివరించేలోపే కాలిక్యులేటర్ తీశారు. రోజు విడిచి రోజు 300 మిల్లీలీటర్లు, 18 నెలలకు 270 సార్లు, మొత్తం 81 లీటర్లు. లీటరుకు 38 మిల్లీగ్రాముల చొప్పున సుమారు 3 గ్రాముల ఉప్పులు. ఆ కుండీలోని కోకోపీట్ పట్టి ఉంచే నీరు మహా అయితే లీటరున్నర. పోసిన నీళ్ళలో ఎక్కువైనవి పళ్ళెంలోకి దిగుతాయి, కుండీ వాటిని మళ్ళీ పైకి పీల్చుకుంటుంది. నీరు ఆవిరై పోతుంది, మొక్క కొంత తాగుతుంది, ఉప్పుకు మాత్రం బయటికి దారి లేదు. "జమే గానీ ఖర్చు లేదు" అన్నారు. నేను ఇంతకంటే బాగా చెప్పలేను.

పైగా ఇది ఓపెనింగ్ బ్యాలెన్స్ లేని లెక్క. కొబ్బరి పీచులో సహజంగానే పొటాషియం, సోడియం ఉంటాయి. ఉప్పు నీళ్ళలో నానేసిన పీచు నుంచి వచ్చిన పొట్టైతే ఇంకా ఎక్కువ. గట్టిగా నొక్కిన కోకోపీట్ బ్లాకును నీళ్ళలో నానబెట్టి, ఉబ్బగానే కడగకుండా కుండీలో నింపితే ఆ ఉప్పంతా మొదటి రోజు నుంచే ఉంటుంది. మాలిని అడిగితే నానబెట్టాననే చెప్పాడు. కడగాలని అతనికి ఎవరు చెప్పారు గనక? గులాబీకి, బంతికి అక్కర్లేదు మరి.

ఒక హెచ్చరిక. టీడీఎస్ పెన్ను కొలిచేది నీటి విద్యుత్ వాహకతను, దాన్నే లెక్కగట్టి అంకె చూపిస్తుంది. ఏ ఉప్పు ఎంత ఉందో చెప్పదు. ఎరువు ఉన్నా అంకె పెరుగుతుంది, సోడియం ఉన్నా పెరుగుతుంది. కానీ కీటకాహారి మొక్క కుండీలో 1,140 అంటే, ఏ ఉప్పైనా ఎక్కువే.

కడగడమా, కుండీ మార్చడమా

మనసు వెంటనే కుండీ మార్చమంది. ఆపుకున్నాను. మేలో పగలు 41, 42 డిగ్రీలు. ఇప్పటికే ఒకసారి వేళ్ళు కత్తిరించిన మొక్క. కుండీ మార్చిన దెబ్బకు నెపంథిస్ వారాల తరబడి స్తంభించిపోతుంది, ఆ వారాలు ఈ ఎండలో గడవాలంటే కష్టం. కాబట్టి జూన్ దాకా కడుగుదాం, వానలు పడ్డాక మారుద్దాం అన్నాను. పళ్ళెం ఆ రోజే వంటింటికి వెళ్ళిపోయింది.

మొదటి రోజు ఆర్ఓ నీళ్ళు రెండేసి లీటర్ల చొప్పున మూడు విడతలు, విడతకూ విడతకూ గంట విరామం. కారిన నీళ్ళు 410కి, తరువాత 180కి దిగాయి. ఆవిడ సంబరపడ్డారు. వారం తరువాత కొలిస్తే 390. ఇది నేను ఊహించిందే. కోకోపీట్ రేణువులు సోడియం, పొటాషియం లాంటివాటిని తమ ఒంటికి అంటిపెట్టుకుని ఉంచుకుంటాయి. చుట్టూ నీళ్ళు పలచబడితే నెమ్మదిగా వదులుతాయి. ఒక్కరోజు కడిగి పని అయిపోయిందనుకుంటే ఇలాగే మోసపోతాం. వారం వారం కడిగాం. జూన్ మూడో వారానికి 150 దగ్గర నిలబడింది, ఇక దిగలేదు.

జూన్ ఆఖరి ఆదివారం ముసురు పట్టి ఉంది. కుండీ బోర్లించాం. వేళ్ళు బయటపడగానే ఆవిడ, "అయ్యో, మళ్ళీ కుళ్ళిపోయాయి" అంటూ కత్తెర అందుకున్నారు. చెయ్యి పట్టుకుని ఆపినంత పని చేశాను. నెపంథిస్ వేళ్ళు ఆరోగ్యంగా ఉన్నప్పుడు కూడా నల్లగానే ఉంటాయి. తెల్లటి వేరే ఆరోగ్యం అన్న మన లెక్క ఇక్కడ పనికిరాదు. వేరును రెండు వేళ్ళ మధ్య మెల్లగా లాగి చూడాలి. బతికున్నది సన్నటి తీగలా బిగువుగా ఉంటుంది, కొస కాస్త లేత రంగులో ఉంటుంది. కుళ్ళినది మెత్తగా నలిగి, పైతొడుగు జారి చేతికి వస్తుంది, వాసన కూడా వేస్తుంది. అప్పుడు అర్థమైంది, మొదటి నవంబరులో మాలి శుభ్రం చేసినవన్నీ బతికున్న వేళ్ళే అయి ఉండవచ్చు. పడిపోవడం అక్కడ మొదలై, ఉప్పు లేవనివ్వలేదని నా అనుమానం. రెండిటిలో దేని వాటా ఎంతో విడదీసి చెప్పే ఆధారం మాత్రం నా దగ్గర లేదు.

కొత్త మిశ్రమం: పొడవు పోగుల స్ఫాగ్నమ్ మాస్ (ఎండబెట్టిన ఒక రకం నాచు) రెండు పాళ్ళు, పెర్లైట్ (తేలికపాటి తెల్లటి రాతి గుళికలు) ఒక పాలు, ఆర్కిడ్లకు వాడే చెక్క బెరడు ముక్కలు ఒక పాలు. మాస్‌ను పిడికిలితో కుక్కకుండా వదులుగా వేశాం. వేళ్ళకు అంటిన పాత పొట్టును పూర్తిగా దులపలేదు, దులిపితే వేళ్ళే తెగుతాయి. కారే నీళ్ళు 60.

మధ్యలో ఒక పెద్దావిడ

ఆగస్టులో కొత్త ఆకు 13 సెంటీమీటర్లు వచ్చింది. మేలో చివరి ఆకు 9. దారి సరైనదేనని ఇద్దరం కుదుటపడ్డాం. సెప్టెంబరు మొదటి ఆదివారం కారిన నీళ్ళు కొలిస్తే 210.

పోసేవి ఆర్ఓ నీళ్ళే, పళ్ళెం లేదు, మాస్‌లో ఉప్పు లేదు. మరి ఎక్కణ్ణుంచి? ఆవిడ అనుమానం మిషన్ మీద, నా అనుమానం మాస్ మీద. రెండూ కొలిచాం, రెండూ బాగున్నాయి. కుండీ దగ్గర వంగితే పుల్లటి వాసన. ఇంట్లో ఇంకెవరైనా నీళ్ళు పోస్తున్నారా అని అడిగితే, లోపలి గదిలోంచి వాళ్ళ అత్తయ్యగారు వచ్చి నిలబడ్డారు. "బియ్యం కడిగిన నీళ్ళు నాలుగైదు సార్లు పోశాను నాయనా. మొక్క అంత చిక్కిపోయి ఉంటే చూస్తూ ఊరుకోమంటారా?"

బియ్యం కడిగేది బోరు నీళ్ళతో. గ్లాసుడు నీళ్ళతో ఈ కుండీ టీడీఎస్ అంకె వంద దాకా పెరగవచ్చు. పెద్దావిడతో ఇది తప్పు అని చెప్పబుద్ధి కాలేదు, ఎందుకంటే కరివేపాకు చెట్టుకు అది తప్పు కాదు. "అమ్మా, దీనికి పథ్యం రాసిచ్చాను, మిగతా మొక్కలన్నిటికీ మీరు పోయండి" అన్నాను. ఒప్పుకున్నారు, కాస్త అలిగారు కూడా. రెండుసార్లు కడిగితే మళ్ళీ 70కి వచ్చింది. నెలకోసారి కొలిచే అలవాటు లేకపోతే ఈ సంగతి మాకు డిసెంబరు దాకా తెలిసేది కాదు.

వెలుతురు

ఆకులు పెరిగాయి. మొగ్గలు ఇప్పుడు గింజంతకు బదులు చిక్కుడు గింజంత అయ్యాయి, అయినా తెరుచుకోకుండా ఆగిపోతున్నాయి. రాబడి మొదలైంది, మిగులు లేదు. ఇక వెలుతురు వంతు. బాల్కనీలో మధ్యాహ్నం లక్స్ మీటరు 2,500 చూపించింది. మన కంటికి అది బాగా వెలుతురున్న చోటే. కన్ను ఎంత తేలిగ్గా సర్దుకుంటుందో అంత దగా చేస్తుంది. ఆకులు కూడా ముందునుంచీ ఈ మాటే చెబుతున్నాయి. ముదురు ఆకుపచ్చగా, మెత్తగా, ఎక్కడా ఎరుపు చాయ లేకుండా ఉన్నాయి.

తూర్పు వైపు పడకగది కిటికీ బయట ఇనుప గ్రిల్ ఉంది. 50 శాతం షేడ్ నెట్ కట్టి అక్కడికి మార్చాం. ఉదయం పది గంటలప్పుడు 14,000 లక్స్. ఒక్కసారిగా మార్చలేదు. మొదటి మూడు రోజులు గంటన్నర, తరువాత పెంచుతూ పది రోజులకు పూర్తిగా. తొందరపడితే ఆకులు మాడి, మళ్ళీ మొదటికి వస్తుంది. కొత్త ఆకు ముందుదాని కంటే కాస్త పొట్టిగా వచ్చింది, ఆవిడ కంగారుపడి ఫొటో పంపారు. తాకి చూడమన్నాను. "మందంగా ఉంది. అంచు ఎర్రబడింది" అని జవాబు. పొట్టి ఆకంటే ప్రతిసారీ నీరసం అనుకోనక్కర్లేదు. ఎక్కువ వెలుతురులో ఆకు పొట్టిగా, దళసరిగా రావడం మామూలే.

నవంబరు 9న కూజా మూత తెరుచుకుంది. 8 సెంటీమీటర్లు, నడుము నొక్కుతో, పెదవి ఎర్రగా. ఆ రోజు మధ్యాహ్నం గాలి తేమ 43 శాతం. జనవరికల్లా నాలుగు కూజాలు. వాళ్ళబ్బాయి మొదటి కూజాలో ఉడికించిన కోడిగుడ్డు ముక్క వేస్తే అది కుళ్ళి, కూజా సగం నల్లబడింది. అది వేరే సంగతి. కూజా తన వేట తనే చూసుకుంటుంది, బయట పెట్టిన మొక్కకు చీమలు వాటంతటవే వస్తాయి.

హమాటా సంగతి

ఇక్కడ గెలుపు లేదు. హమాటాకు పగలు 25 డిగ్రీలు, రాత్రి 14 డిగ్రీలు ఉంటే హాయి. మన ఏప్రిల్, మే రాత్రులు 24 నుంచి 26 దగ్గర ఉంటాయి. పగలు తయారుచేసుకున్న చక్కెరను వెచ్చటి రాత్రి శ్వాసక్రియలోనే తగలేస్తుంది, పెరగడానికి ఏమీ మిగలదు. ఏసీ గదిలో పెట్టనా అన్నారు. 24 డిగ్రీలు దానికి చలి కాదు, పైగా ఏసీ గాలి పొడి. పాత ఫ్రిజ్‌ను మార్చి చల్లటి అల్మారా చేసుకున్న వాళ్ళు ఉన్నారు. కరెంటు, ఇన్వర్టరు, రోజూ కాపలా, ఇవన్నీ లెక్కేసి ఈ ఇంట్లో కుదరదని నాకు మొదటి రోజే తెలుసు. నీలగిరుల్లో ఈ మొక్కలు పెంచే మిత్రుడొకరు ఉన్నారు, ఆయనకు పంపేద్దామని ఒక్కసారి అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. అంత డబ్బు పెట్టి కొన్నారు కదా అని నేను మళ్ళీ ఎత్తలేదు.

మార్చి నుంచి ఆవిడే ఒక ఏర్పాటు చేశారు. థర్మోకోల్ పెట్టె, రాత్రి లోపల రెండు ఐస్ సీసాలు, ఉదయం మూత తీయడం. రాత్రి 17 డిగ్రీల దాకా దింపగలిగారు. అయిదు వారాలు నడిచింది, ఒక కొత్త ఆకు కూడా వేసింది. తరువాత ఊళ్ళో పెళ్ళికి మూడు రోజులు వెళ్ళారు. ఇంట్లో ఉన్నవాళ్ళు ఐస్ మరిచిపోయారు, పగలు మూత తీయడం కూడా మరిచిపోయారు. తిరిగొచ్చేసరికి నడిమొగ్గ మెత్తబడి ఉంది. వారంలో పోయింది.

ఎవరో ఒకరు మూడు రోజులు ఊరెళ్తే చచ్చిపోయే ఏర్పాటును నేను ఆ ఇంటికి ఒప్పుకోకుండా ఉండాల్సింది. ఫిబ్రవరి చల్లదనంలోనే మొక్కను కొండకు పంపి ఉంటే బతికేది. వెంట్రాటా విషయంలో నా తప్పు తెలియక చేసింది, దీనిలో తెలిసి మాట నొక్కి చెప్పకపోవడం. ఇప్పుడు ఎవరైనా ఎత్తైన కొండల జాతి కొన్నామని పిలిస్తే, మొదట ఏప్రిల్, మే నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత అడుగుతున్నాను, మొక్కను చూడకముందే.

పద్ధతిలో మార్చుకున్నవి ఇంకొన్ని. సంచిలో తేమ మీటరు కంటే ముందు డిస్టిల్డ్ వాటర్ సీసా, కొలగ్లాసు పెట్టుకుంటున్నాను. నోటుపుస్తకం ఉంటే మొక్క దగ్గరికి వెళ్ళేముందు కూర్చుని అది చదువుతాను. లేకపోతే ఫోనులో పాత ఫొటోలు తేదీల వారీగా చూపించమంటాను, ఆకుల సైజు వాటిలోనే దొరుకుతుంది. ఒక మార్పుకూ ఇంకో మార్పుకూ మధ్య కనీసం రెండు కొత్త ఆకులు వచ్చేదాకా ఆగుతాను. వెంట్రాటాలో ఇది దాదాపు రెండు నెలలు. ఇంటివాళ్ళకు అంత ఓపిక ఉండదు, ఆ రెండు నెలలు ఫోన్లు వస్తూనే ఉంటాయి.

హమాటా పోయాక ఆవిడ ఆంపుల్లేరియా తెచ్చుకున్నారు. బోర్నియో, మలయా పల్లపు అడవుల మొక్క, మన వెచ్చటి రాత్రులు దానికి కొత్త కాదు. తేమ మాత్రం నిజంగానే కావాలి కాబట్టి అద్దాల తొట్టిలో, గాలి ఆడేలా పైన సందు వదిలి పెట్టాం. దీని కూజాలు నేల మీద గుంపుగా, మూత వెనక్కి వాలి, నోరు తెరిచి ఉంటాయి. అడవిలో పైనుంచి రాలే ఆకులు వాటిలో పడి కుళ్ళితే ఆ సారాన్ని కూడా తీసుకునే జాతి ఇది. ఈ సంగతి చెప్పినప్పుడు అత్తయ్యగారు వింటూనే ఉన్నారు. ఇప్పుడు వారానికోసారి కూజాకు ఒక చిన్న ఎండుటాకు ముక్క చొప్పున వేయడం ఆ పెద్దావిడ పని. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు వెళ్తున్నాయి. పోయిన నెల వెంట్రాటా కుండీ నుంచి కారిన నీళ్ళు 74.